చేత్తో చేసిన డమాస్కస్ వంటింటి కత్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప వైపు నుంచి మా కొలిమి చూడ్డానికి వచ్చేవాళ్లూ, ఫోన్ చేసేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగేవి ఒకచోట చేర్చి రాశాం. కత్తి మీది అలలు చూసి ముచ్చటపడని వాళ్లు ఉండరు, మాకూ అవంటే ప్రాణం. అయినా కొనే ముందు అలల గురించి కంటే ఉక్కును కాల్చిన తీరు గురించి, అంచు సన్నదనం గురించి ఎక్కువ అడగండి. కూర తరిగేటప్పుడు పనికొచ్చేవి ఆ రెండే.

డమాస్కస్ ఉక్కు అంటే అసలు ఏమిటి?

ఈ రోజుల్లో ఆ పేరుతో అమ్మే కత్తి దాదాపు ఎప్పుడూ రెండు రకాల ఉక్కుల్ని పొరలు పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి, సుత్తి దెబ్బలతో ఒకే దిమ్మగా అతికించి చేసింది. ఎక్కువమంది వాడే జత 1084, 15ఎన్20 అనే రెండు ఉక్కు రకాలు. మొదటిదాంట్లో కార్బన్ సుమారు 0.84 శాతం, మాంగనీసు కొంత ఉంటాయి. రెండోదాంట్లో కార్బన్ 0.75 శాతం దాకా, దానికి తోడు నికెల్ 2 శాతం ఉంటుంది. పని పూర్తయ్యాక కత్తిని పల్చటి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే 1084 పొర నల్లబడుతుంది, నికెల్ ఉన్న పొర తెల్లగా మిగులుతుంది. మీకు కనిపించే అలలన్నీ ఈ నలుపు తెలుపుల తేడానే. రంగు పూయడం ఎక్కడా ఉండదు.

ఇది మన దక్షిణాది ఉక్కే అంటారు. నిజమేనా?

పాతకాలపు డమాస్కస్ కత్తుల సంగతి అడుగుతుంటే, నిజమే. అది పొరలు అతికించిన ఉక్కు కాదు. మూసలో కరిగించి తీసిన ఉక్కు, ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అని రాసుకున్నది. దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ తయారై, చిన్న చిన్న ముద్దలుగా ఓడలెక్కి పశ్చిమాసియాకు వెళ్లేది. అక్కడి కమ్మరులు ఆ ముద్దల్ని సాగగొట్టి కత్తులు చేసేవాళ్లు. ఐరోపా వాళ్లు వాటిని సిరియా ప్రాంతపు బజార్లలో చూసి డమాస్కస్ కత్తులన్నారు.

తెలుగు నేల మీద దీనికి పేరుమోసిన ఊరు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. పారశీక వర్తకులు ఆ ఊరికే వచ్చి, దగ్గరుండి తూకం వేయించుకుని కొనుక్కుపోయేవాళ్లని 19వ శతాబ్దం మొదట్లో అక్కడ తిరిగిన హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. మన పక్కన చూసుకుంటే, మడకశిర దాటి తుమకూరు వైపు వెళ్తే వచ్చే చన్నరాయనదుర్గం దగ్గర ఉక్కు తీయడాన్ని 1800 ప్రాంతంలో ఫ్రాన్సిస్ బుకానన్ కళ్లారా చూసి వర్ణించాడు.

ఈ కథలో నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరించేది మూసలో వేసే దినుసులు. మట్టి మూసలో ఇనుప ముక్కలతో పాటు ఎండిన తంగేడు పుల్లలు వేసి, పైన జిల్లేడు ఆకులు కప్పి, మూతి మట్టితో మెత్తి గంటల తరబడి కాల్చేవాళ్లు. పుల్లలూ ఆకులూ మాడి బొగ్గై, ఆ కార్బన్ ఇనుములోకి దిగి, ఇనుము ఉక్కుగా మారేది. పత్తికొండ చేలగట్ల మీద, కదిరి గుట్టల్లో ఎవరూ పట్టించుకోకుండా పెరిగే ఆ రెండు మొక్కలే ప్రపంచం వెర్రెత్తిపోయిన ఉక్కులో ఉన్నాయి. మన దగ్గర ఖనిజానికీ లోటు లేదు. వెల్దుర్తి, రామళ్లకోట వైపు ఇనుప ఖనిజం ఉంది, ఓబుళాపురం సంగతి అందరికీ తెలిసిందే.

ఆ పాత ఉక్కు రహస్యం ఎవరికీ తెలియకుండా పోయిందా? మీరు చేసేది అదేనా?

మేం చేసేది అది కాదు. అదే అని చెప్పి అమ్మేవాళ్లుంటే నమ్మకండి.

వూట్జ్ మీద పరిశోధన పాతదే. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి దాని మీద వ్యాసం సమర్పించాడు. విద్యుత్ పరిశోధనలతో పేరు తెచ్చుకున్న మైకేల్ ఫారడే ఆ తరువాత 1820 ప్రాంతంలో జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కును అనుకరించడానికి తంటాలు పడ్డాడు. చివరికి 1990లలో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి ముడి విప్పారు. ఆ ఉక్కులో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది. దానితో పాటు వనాడియం లాంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండాలి. అవి ఉంటే, తక్కువ వేడిలో పదే పదే సాగగొట్టినప్పుడు గట్టి కార్బైడ్ రేణువులు (లోహంతో కార్బన్ కలిసి ఏర్పడేవి) వరసలు కడతాయి. పాత కత్తుల మీది అలలు ఆ వరసలే. వేడి మితి మీరితే అవి కరిగిపోతాయి. వనాడియం లేని ఖనిజం వాడితే కమ్మరి ఎంత నేర్పరి అయినా అలలు రావు. పాత గనులు అడుగంటాక విద్య ఉన్నా ఫలితం రాకపోవడానికి ఇదీ ఒక కారణం అంటారు వాళ్లు.

ఇప్పటి పొరల పద్ధతికి 'డమాస్కస్' అనే పేరు ఈమధ్య కాలంలో స్థిరపడడానికి కారకుడు అమెరికన్ కమ్మరి బిల్ మోరన్. 1973లో కత్తుల తయారీదార్ల ప్రదర్శనలో ఆయన పొరల కత్తులు పెట్టాక ఎందరో ఆ దారి పట్టారు.

ఒక కత్తి మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారవుతుంది?

రెండు ఉక్కుల రేకుల్నీ ఒకే కొలతకు కోసి, గరుకు చక్రంతో మెరిసేదాకా రుద్ది, మార్చి మార్చి పేరుస్తాం. వేలిముద్ర జిడ్డు అంటినా ఆ చోట అతుకు పడకపోవచ్చు. కాబట్టి పేర్చేముందు ఇంకోసారి తుడుస్తాం. కట్ట చెదరకుండా మూలల్లో వెల్డింగ్ చుక్కలు పెట్టి, పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ అతికిస్తాం.

కట్ట ఎర్రబడగానే బయటికి తీసి వెలిగారం చల్లుతాం. కంసాలి నగ అతకడానికి వాడే వెలిగారమే ఇది. ఇది కరిగి, ఉక్కు మీద పట్టిన పొలుసును తనలో కలుపుకుని, గాలి తగలకుండా కాపాడుతుంది. మళ్లీ కొలిమిలో పెట్టి 1,250 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్తాం. ఇక్కడ కన్నే కొలమానం. ఎరుపు పోయి, నారింజ పోయి, పసుపు వస్తుంది. కట్ట మీద వెలిగారం కరిగిన నెయ్యిలా జారుతూ బుడగలు వేస్తుంది. అంచుల్నించి చిన్న నిప్పురవ్వలు లేచాయంటే ఉక్కు కాలిపోవడం మొదలైందన్నమాట, అంతవరకూ పోనీయకూడదు. ఆ పసుపు నిలిచే నాలుగైదు క్షణాల్లోనే దాగలి మీద పెట్టి మధ్య నుంచి అంచులకు దెబ్బ వేసుకుంటూ వెళ్లాలి. మొదటి దెబ్బలు గట్టిగా కొట్టకూడదు, పొరలు జారిపోతాయి. పొరల మధ్య చిక్కుకున్న వెలిగారం దెబ్బకు పక్కలకు చిమ్ముతుంది, అందుకే కళ్లద్దాలు, తోలు ఏప్రన్ లేకుండా ఎవర్నీ దగ్గరికి రానీయం.

అతుకు పడిందని చెవికీ తెలుస్తుంది. మొదట సుత్తి పడ్డప్పుడు డొల్ల శబ్దం వస్తుంది. పొరలు ఒకటైనాక నిండైన శబ్దం వస్తుంది. కట్ట చల్లబడేటప్పుడు చూసినా తెలుస్తుంది: అతకని చోట పై పొర ముందుగా నల్లబడుతుంది, అతికిన చోట రంగు సమంగా దిగుతుంది. నల్ల మచ్చ కనపడితే మళ్లీ వెలిగారం, మళ్లీ మంట.

ఆ తరువాత దిమ్మను సాగగొట్టి, మధ్యలో నరికి, రుద్ది, ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ అతకడం. కావలసినన్ని పొరలు వచ్చాక కత్తి ఆకారం కొట్టి, గ్రైండర్ మీద చెక్కి, వేడి చేసి నూనెలో ముంచి, తిరిగి కాచి, నున్నగా రుద్ది, ద్రావణంలో ముంచి, పిడి బిగించి, పదును పెట్టాలి. దిమ్మలో మూడో వంతు దాకా పొలుసుగానో, గ్రైండర్ దుమ్ముగానో పోతుంది.

ఎన్ని పొరలుంటే మంచి కత్తి?

పొరల లెక్కకూ పదునుకూ సంబంధం లేదు. 13 రేకులతో మొదలుపెట్టి నాలుగు సార్లు రెట్టింపు చేస్తే 208 పొరలు. ఇంకో నాలుగు సార్లు చేస్తే 3,328. కానీ ప్రతి అతుకులోనూ కార్బన్ పొర నుంచి పొరకు పాకుతుంది. కొన్ని మడతలకే రెండు ఉక్కుల్లోనూ కార్బన్ దాదాపు సమం అవుతుంది. నికెల్ అంత సులువుగా కదలదు కాబట్టి గీతలు మాత్రం మిగులుతాయి. పొరలు వేలల్లోకి పోతే ఆ గీతలు కూడా కంటికి ఆనవు. నన్నడిగితే వంటింటి కత్తికి 100 నుంచి 250 లోపల అందంగా ఉంటుంది. అంతకన్నా పెద్ద అంకె చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

రకరకాల అలలు ఎలా తెప్పిస్తారు?

సాగగొట్టిన దిమ్మను అలాగే వదిలేస్తే సుత్తి పడ్డ తీరును బట్టి చెదురుమదురు గీతలు వస్తాయి. నాకు ఇష్టమైనది ఇదే, ఏ రెండు కత్తులూ ఒకేలా రావు. కడ్డీని ఎర్రగా కాల్చి మెలిపెట్టి చదును చేస్తే నక్షత్రాల వరస వస్తుంది. రెండు వైపులా అడ్డంగా గాళ్లు కోసి చదును చేస్తే నిచ్చెన మెట్లు వస్తాయి. చిన్న గుంటలు తొలిచి చదును చేస్తే వాన చినుకులు పడ్డ వలయాలు వస్తాయి. అన్నింట్లోనూ కిటుకు ఒకటే. లోపలి పొరల్ని కొన్నిచోట్ల పైకి తేవడం.

కత్తి మంచిదో కాదో నిర్ణయించేది ఏ దశ?

వేడి చేసి ముంచే దశ. సగం రోజు కష్టపడి చేసిన దిమ్మ విలువ అక్కడ కొద్ది క్షణాల్లో తేలిపోతుంది.

ముందు కత్తిని కాల్చి గాలికి చల్లార్చడం రెండు మూడుసార్లు చేస్తాం. సుత్తి దెబ్బలకు లోపల పేరుకున్న ఒత్తిడి తగ్గి, రేణువులు సన్నబడతాయి. తరువాత 815 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్లాలి. మీటర్ లేని కమ్మరికి అయస్కాంతం ఉంది. 770 డిగ్రీలు దాటితే ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు, అంటుకోవడం మానేశాక ఇంకాస్త పైకి పోతే సరిపోతుంది. మసక వెలుతురులో చూస్తే కత్తి మీద ఒక నీడ మెల్లగా పాకుతూ పోవడం కనిపిస్తుంది. ఉక్కు లోపలి నిర్మాణం మారుతున్న గుర్తు అది. మన వైపు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ రంగులు కంటికి తెలియవు, అందుకే ఈ పని పొద్దుగుంకాక పెట్టుకుంటాం.

నీడ పూర్తిగా దాటిపోయాక, 50–60 డిగ్రీలకు వేడి చేసి ఉంచిన నూనెలో కత్తిని నిటారుగా దించుతాం. 1084, 1095 లాంటి ఉక్కుల్ని ఒకటి రెండు క్షణాల్లోనే 540 డిగ్రీల కిందికి దించాలి. ఆలస్యమైతే అంచు మెత్తగా ఉండిపోతుంది. నీళ్లలో ముంచితే ఇంకా వేగంగా చల్లబడుతుంది గానీ సన్నటి వంటింటి కత్తి పగిలే ప్రమాదం ఎక్కువ. ముంచిన మరుక్షణం నూనెలోంచి 'టింగ్' అని శబ్దం వచ్చిందంటే అంతే, ఎక్కడో బీట పడింది. ఆ కత్తిని బాగుచేసే దారి లేదు.

పైకి తీశాక ఆకురాయితో అంచు మీద రాస్తాం. ఆకురాయి పట్టకుండా జారితే గట్టిపడినట్టు. ఈ స్థితిలో కత్తి మరీ పెళుసు, చేయి జారి బండల మీద పడితే రెండు ముక్కలవుతుంది. అందుకే అదే రోజు 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటల చొప్పున రెండుసార్లు కాచి ఆ పెళుసుతనం తీసేస్తాం. ఉక్కు గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 59 నుంచి 61 మధ్య నిలిస్తే వంటింటికి బాగా సరిపోతుంది. మీరు కొనే చోట ఈ అంకె అడగండి. సమాధానం రాకపోతే ఆ కత్తి తీసుకోకండి.

మామూలు కత్తి కంటే బాగా కోస్తుందా?

అదే ఉక్కుతో, అదే సన్నదనంతో, అంతే జాగ్రత్తగా కాల్చి చేసిన సాదా కత్తి కూడా ఇంతే బాగా కోస్తుంది. ఈ మాట చెబితే బేరం పోతుందని తోటివాళ్లు అంటారు గానీ నిజం అదే.

కోతను నిర్ణయించేది సన్నదనం. ఒక ఎర్రగడ్డ తీసుకుని సగానికి కోసి చూడండి. వెనుక మందం 4 మిల్లీమీటర్లు ఉండి, అంచు దాకా అదే మందం లాక్కొచ్చిన కత్తి గడ్డలోకి దిగుతూనే పొరల్ని చీలుస్తుంది. చివర్లో 'పటక్' మని విరుగుతుంది, రసం చిమ్ముతుంది, కళ్లు మండుతాయి. వెనుక 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండి, అంచుకు కాస్త పైన అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉన్న కత్తి నిశ్శబ్దంగా దిగుతుంది. కోసిన ముఖం నున్నగా ఉంటుంది. కర్నూలు మార్కెట్ యార్డు ఎర్రగడ్డతో ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు. మా దగ్గరికొస్తే కొనకముందే చేయిస్తాం.

ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా దొరుకుతున్నాయి. నకిలీవి ఎలా పట్టాలి?

చాలావరకు స్టెయిన్‌లెస్ రేకు మీద లేజర్‌తో గీసిన అలలు. చూసే పద్ధతులు ఇవి. కత్తి వెనుక అంచు మీద గీతలు కొనసాగాలి. రెండు వైపులా గీతలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండకూడదు. ఒకే ఆకారం అదే దూరంలో తిరిగి తిరిగి వస్తుంటే అనుమానించండి. ఒక మూల సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నిజమైనదైతే గీతలు తిరిగి తేలతాయి. గీసినవైతే పోతాయి. మచ్చ పడుతుంది కాబట్టి అమ్మేవాడి అనుమతి లేకుండా చేయకండి.

నిజమైన పొరలే అయినా నాసిరకం ఇనుముతో చేసినవి కూడా వస్తున్నాయి. వాటిల్లో గీతలుంటాయి, పదును నిలవదు. అందుకే ఏ ఉక్కుల పేర్లో అడగాలి.

జపాన్ కత్తుల మీద 'వీజీ-10, 67 పొరలు' అని ఉంటుంది. అది వేరా?

వేరే. మధ్యలో వీజీ-10 అనే గట్టి స్టెయిన్‌లెస్ ఉక్కు ఒకటే పొర, దానికి రెండు వైపులా 33 చొప్పున మెత్తని అలంకార పొరలు. కోసేది మధ్య పొర మాత్రమే. వీజీ-10ను జపాన్‌లో ఫుకుయి ప్రాంతంలోని తకేఫు స్పెషల్ స్టీల్ తయారు చేస్తుంది. ఫ్యాక్టరీలోనే అతికించిన రేకులు వస్తాయి, కత్తులవాళ్లు వాటిని కోసి చెక్కుతారు. తుప్పు భయం తక్కువ. వెంటనే తుడిచే అలవాటు లేని ఇంటికి నేనే వాటిని సిఫారసు చేస్తుంటాను.

మా ఊరి కమ్మరి ఇలాంటిది చేయగలడా?

ఆయన చేతుల్లో సగం విద్య ఇప్పటికే ఉంది. మెత్తని ఇనుప గొడ్డలికి, పారకు అంచున ఉక్కు ముక్క అతికించడం మన కమ్మరులు తరతరాలుగా చేస్తున్న పనే. రెండు లోహాల్ని మంటలో ఒకటి చేసే ఆ పనిలోంచే పొరల పని కూడా పుట్టింది. ఎమ్మిగనూరు, గుంతకల్లు, ప్రొద్దుటూరు వైపు సంతల్లో కొడవళ్లు, మచ్చుకత్తులు అమ్మే వాళ్లను కదిలించి చూడండి. ఏ రంగులో ఇనుము కదులుతుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది పాత లారీ కమాను పట్టాలు. కార్బన్ 0.6 శాతం దాకా ఉండే మంచి ఉక్కు. దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ అంచు మరీ సన్నగా నిలబెట్టడానికి అంత అనువు కాదు. ఇంట్లోకి ఒక కత్తి చేయించుకోవాలంటే కమ్మరికి మూడు మాటలు చెప్పండి. "వెనుక మందం మూడు మిల్లీమీటర్లకు మించొద్దన్నా. నూనెలో ముంచు. ముంచినాక కాసేపు ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మళ్లీ కాచు." ఈ మూడూ పాటిస్తే అలలు లేకపోయినా జీవితాంతం వాడుకునే కత్తి వస్తుంది. దసరాకు ఆయుధ పూజలో పెట్టుకోదగ్గ కత్తి. కొనేవాళ్లు ఇలా అడగడం మొదలుపెడితే ఆ కొలుములు మూతపడవు.

తుప్పు పడుతుందా?

పడుతుంది. ఇది స్టెయిన్‌లెస్ కాదు. అనంతపురం ఎండకూ పొడిగాలికీ కోస్తా కంటే నయమే గానీ, మన వంటే పుల్లటి వంట. చింతకాయ, మామిడికాయ, నిమ్మ, టమోటా కోసి అలా పక్కన పెట్టేసి సంగటి కెలకడానికి పోతే, తిరిగొచ్చేసరికి అంచు మీద గోధుమ రంగు మచ్చ ఉంటుంది. కోసిన వెంటనే తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ నీటి చుక్కలు ఆరనివ్వకండి. రాత్రికి కొబ్బరి నూనె చుక్క రాస్తే చాలు. చెనిక్కాయ నూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కట్టి వాసన పడుతుంది.

వాడగా వాడగా కత్తి మీద నీలం, బూడిద రంగు పొర కడుతుంది. దాన్ని పీచుతో రుద్ది తీసేయకండి, తుప్పును అడ్డుకునేది అదే. ఎర్రటి తుప్పు కనిపిస్తే మాత్రం వంటసోడా ముద్దతో రుద్ది తీసేయాలి.

రసాయనంలో ముంచిన కత్తి తిండికి వాడొచ్చా?

వాడొచ్చు. ముంచి తీశాక వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని విరిచేస్తాం, సబ్బుతో కడిగి నూనె పట్టిస్తాం. ఉక్కు మీద మిగిలేది పల్చటి ఆక్సైడ్ పొర మాత్రమే. మొదటి వారం కొద్దిగా నల్లగా తుడుపు గుడ్డకు అంటొచ్చు. ఒక బంగాళాదుంప కోసి పారేసి తరువాత వాడండి.

కడప బండ గట్టు మీద పెట్టి తరగొచ్చా?

దయచేసి వద్దు. మన ఇళ్లలో వంటగట్టు కడప బండో, బేతంచెర్ల బండో, గ్రానైటో అయి ఉంటుంది. వాటి మీద పెట్టి ఒక్క కట్ట కొత్తిమీర తరిగినా సన్నటి అంచు మడత పడిపోతుంది. స్టీలు పళ్లెం, గాజు పలక కూడా అంతే. వేప చెక్క గానీ చింత చెక్క గానీ వాడండి. మాంసం కొట్లలో మొద్దు చింతదే ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగి చూడండి. గట్టిది, పొట్టు లేవదు.

పొట్టేలు ఎముకలు, నాటుకోడి కొట్టొచ్చా?

ఎముక మీద కొట్టకండి, అంచు పెచ్చులు ఊడుతుంది. కోడి కీలు దగ్గర మెత్తటి చోట కోయొచ్చు. తునకలకు మచ్చుకత్తే సరైనది. కొబ్బరికాయ కొట్టడానికి కూడా వాడుతున్నారు కొందరు, అది అసలే వద్దు.

పదును పోతే ఎవరి దగ్గర పట్టించాలి?

సైకిలు మీద చక్రం పెట్టుకుని వీధుల్లో తిరిగే సాన పట్టేవాళ్లు కత్తిపీటకు, కత్తెరకు బాగానే పడతారు. ఈ కత్తి వాళ్లకు ఇవ్వొద్దు. పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేచేంతగా పెడితే అంచు 200 డిగ్రీలు దాటిపోతుంది. నీలం రంగు తేలిందంటే 300 డిగ్రీల దగ్గరికి పోయినట్టు, ఆ మేరకు మెత్తబడినట్టు.

ఇంట్లోనే నేర్చుకోండి. 1000 గరుకు సానరాయి ఒకటి, కుదిరితే 3000ది ఇంకొకటి. రాయిని నీళ్లలో నానబెట్టి, కత్తిని రాయికి సుమారు 15 డిగ్రీల కోణంలో ఉంచి, ఒక వైపు రుద్దుతూ పోండి. రెండో వైపు అంచు వెంట బొటనవేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగలాలి. మడమ (పిడి వైపు చివర) నుంచి మొన దాకా ఆ గరుకు తగిలాకే రెండో వైపు తిప్పాలి. చాలామంది ఇది రాకముందే తిప్పేస్తారు, అందుకే ఎంత రుద్దినా పదును రాలేదంటారు. రోటి అంచు మీద, గట్టు అంచు మీద రాసే అలవాటుంటే ఈ కత్తికి మానుకోండి. రుద్దే కొద్దీ అంచు దగ్గర అలలు మసకబారితే కంగారు పడకండి, మళ్లీ ద్రావణంలో ముంచితే తిరిగొస్తాయి.

ఎర్రచందనం పిడి పెట్టిస్తారా?

పెట్టం. శేషాచలం కొండల ఎర్రచందనం నరకడానికి, రవాణాకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా ఆంక్షలున్నాయి. కాగితాలు లేని ముక్క తెచ్చి "ఇంట్లో పాతదే సార్" అన్నా తీసుకోం. ఆ చెట్టు మన కడప గర్వం, కత్తి పిడికి దాన్ని కదిలించక్కర్లేదు.

నల్లతుమ్మ చేవ పిడికి చాలా గొప్పది. బండి చక్రాలకు, నాగళ్లకు మన వడ్రంగులు వాడింది అదే. చింత చేవ కూడా మంచిదే, నల్లటి చారలతో అందంగా ఉంటుంది. ఏదైనా ఏడాది పైగా నీడన ఆరబెట్టాలి. పచ్చి చెక్క పెడితే మన ఎండాకాలంలో కుంచించుకుపోయి మేకుల దగ్గర వదులవుతుంది.

ఈ కత్తి కొంటే కత్తిపీట మానేయాలా?

ఎందుకు మానేయాలి? గోరుచిక్కుళ్లు, ఆకుకూరలు, చేప కత్తిపీట మీద పోయినంత వేగంగా దేని మీదా పోవు. కింద కూర్చోలేని వాళ్లకు, గట్టు దగ్గర నిలబడి వండేవాళ్లకు ఈ కత్తి హాయి.

లైసెన్సు కావాలా? ప్రయాణంలో తీసుకెళ్లొచ్చా?

2016 ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు మాత్రమే ఉద్దేశించి చేసినవి అందులోకి రావు. మేం వంటింటి ఆకారాలే చేస్తాం, బాకులు, తల్వార్లు అడిగితే చేయం. బస్సులో, రైల్లో తెచ్చేటప్పుడు అట్టపెట్టెలో చుట్టి, బిల్లు దగ్గర పెట్టుకోండి. విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు.

శనివారం ఇనుము కొనకూడదంటారు. పెళ్లి కానుకగా ఇవ్వొచ్చా?

పట్టింపు ఉన్నవాళ్లు శుక్రవారమే వచ్చి తీసుకెళ్తుంటారు, శనివారమూ కొలిమి తెరిచే ఉంటుంది. కానుకగా ఇచ్చేటప్పుడు చేతికి చేయి ఇవ్వకుండా కింద పెట్టి తీసుకోమనడం మన ఇళ్లలో పెద్దవాళ్ల పద్ధతి. పదునైన వస్తువుకు అది మంచి పద్ధతే, పాటించండి.

ఇంత ధర ఎందుకు?

ఉక్కు ఖర్చు తక్కువ. గ్యాసు, గరుకు బెల్టులు, పగిలిపోయిన కత్తుల నష్టం, అన్నిటికీ మించి చేతి పని. నున్నగా రుద్దడమే గ్రైండర్ పని తరువాత ఒక పూటంతా పడుతుంది. ఒక్క గీత మిగిలినా ద్రావణంలో అది ఎత్తి చూపిస్తుంది. బడ్జెట్ తక్కువైతే మా దగ్గరే ఒకే ఉక్కుతో చేసిన సాదా కత్తి తీసుకోండి. కాల్చడం, సన్నదనం రెండింట్లోనూ తేడా ఉండదు.

పొరలు ఎప్పటికైనా విడిపోతాయా?

సరిగ్గా అతికినవి విడిపోవు. లోపల అతుకు పడని చోటుంటే ద్రావణంలో ముంచినప్పుడే వెంట్రుక మందం నల్ల గీతగా బయటపడుతుంది. అలాంటిది కనపడితే అమ్మకుండా పక్కన పెడతాం. మీ దగ్గరున్న కత్తిలో అలాంటి గీత గోరుకు తగిలితే, చేసిన వాళ్లకే వెనక్కి ఇవ్వండి.

కింద పడి మొన విరిగింది. పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. 2, 3 మిల్లీమీటర్లు విరిగితే వెనుక వైపు నుంచి రుద్దుకుంటూ వచ్చి కొత్త మొన తీస్తాం. అంచు వైపు నుంచి తీయకూడదు, ఒంపు చెడుతుంది. నీళ్లలో తడుపుకుంటూ నెమ్మదిగా చేయాలి. విరిగిన ముక్క దొరికితే అది కూడా పట్టుకురండి. విరిగిన ముఖంలో రేణువులు సన్నగా, బూడిద రంగులో ఉంటే కత్తి మంచిదే, దెబ్బకు విరిగింది. పంచదార పలుకులంత పెద్దవిగా మెరుస్తుంటే కాల్చేటప్పుడు వేడి ఎక్కువైందని అర్థం. అది మా కత్తే అయితే బదులు కొత్తది చేసిస్తాం.